దశమభాగం కన్నా ముందు జీతం తేదీ: వ్యాపారం చేసే విశ్వాసులకు

మా సంఘంలో ఎవరైనా కొత్తగా వ్యాపారం పెడితే అయ్యగారు వెళ్లి ప్రార్థన చేస్తారు, వాక్యం చదువుతారు, అందరం ఆమెన్ అంటాం. ఆ సందడి సద్దుమణిగాక వాళ్లలో కొందరు నా దగ్గరికి వచ్చి, "అక్కా, దేవునికి ఇష్టంగా వ్యాపారం చేయాలంటే ఏం చేయాలి?" అని అడుగుతారు. నాది ప్రింటింగ్ ప్రెస్. చాలా ఏళ్లుగా నడుపుతున్నాను కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆదివారం మూసేయమంటాననో, దశమభాగం ఆపొద్దంటాననో, బోర్డు మీద వాక్యం రాయించమంటాననో అనుకుంటారు. నేను మలాకీ మూడో అధ్యాయం తీయమంటాను.

ఆ అధ్యాయం అనగానే అందరికీ 10వ వచనమే గుర్తొస్తుంది. పదియవ భాగం మందిరపు నిధిలోకి తెండి, ఆకాశపు వాకిళ్లు విప్పుతాను అనే మాట. నేను చదవమనేది 5వ వచనం. తీర్పు తీర్చడానికి వచ్చినప్పుడు ఎవరి మీద సాక్ష్యం చెబుతాడో దేవుడు అక్కడ వరసగా చెప్తాడు. మాంత్రికులు, వ్యభిచారులు, అప్రమాణికులు అంటే అబద్ధ ప్రమాణాలు చేసేవాళ్లు, వాళ్ల పక్కనే కూలి విషయంలో కూలివాళ్లను బాధపెట్టేవాళ్లు. దశమభాగం మాట ఆ తర్వాత, 8వ వచనంలో గానీ మొదలవదు. వ్యాపారిగా నేను పాటించే వరస కూడా అదే. ముందు పనివాళ్లకు, సరుకు ఇచ్చినవాళ్లకు, కొన్నవాళ్లకు నేను ఇవ్వాల్సింది. కానుక ఆ తర్వాత.

జీతం తేదీ

జీతాలు ఇచ్చే తేదీ ఒకటి పెట్టుకోండి. మనిషిని పనిలోకి తీసుకునే రోజే ఆ తేదీ చెప్పండి, కాగితం మీద రాసివ్వండి. ఆ తేదీ దాటకూడదు. "పార్టీ దగ్గర్నుంచి డబ్బు రాలేదు" అన్న మాట పనివాళ్ల ముందు అనకుండా ఉండటం నేర్చుకోండి. పార్టీని వెతుక్కున్నది మీరు, అప్పు ఇచ్చింది మీరు, వసూలు చేయాల్సింది మీరు. ఆ రిస్కు మీదే కాబట్టి లాభం కూడా మీదైంది. లాభం మనది, ఆలస్యం వాళ్లది అంటే కుదరదు.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో సూర్యుడు అస్తమించకముందే కూలి ఇచ్చేయమని ఉంది. అతను బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అని కారణం కూడా చెప్పింది. అలా ఇవ్వకపోతే అతను దేవునికి మొరపెడతాడు, అది నీకు పాపమవుతుంది అంటుంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఆ మాట ఇంకా ఘాటుగా ఉంటుంది. మోసంతో బిగబట్టిన కూలే మొరపెడుతుందట. మన దగ్గర పనిచేసేవాళ్లకు అద్దె తేదీ ఉంటుంది, పిల్లల ఫీజు తేదీ ఉంటుంది, చీటీ తేదీ ఉంటుంది. మన ఆలస్యం వాళ్లింట్లో ఎవరికో వడ్డీగా మారుతుంది.

దీన్ని సద్బుద్ధికి వదిలేస్తే జరగదు, ఏర్పాటు కావాలి. నేను చేసేది ఇది. జీతాల కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా. నెలకు జీతాలెంతో లెక్కేసి, నాలుగు భాగాలు చేసి, వారానికో భాగం అందులోకి మారుస్తాను. ఆ ఖాతాకు చెక్కు పుస్తకం గానీ కార్డు గానీ పెట్టుకోలేదు, అవసరాల్లో చెయ్యి అటు వెళ్లకుండా. అది కుదురుకున్నాక ఒక నెల జీతాలు ముందుగానే అందులో ఉండేలా పోగేసుకోండి. కొత్త మెషిన్ ఆలోచన ఆ తర్వాత. పన్ను కోసం వసూలు చేసిన డబ్బుకూ ఇలాగే వేరే ఖాతా ఉండాలి. అది కస్టమర్ మన చేతికిచ్చి ప్రభుత్వానికి ఇవ్వమన్న సొమ్ము. దాన్ని తిప్పుకోవడం మొదలుపెట్టినవాళ్లకు రాత్రి నిద్ర ఉండదు.

డబ్బు నిజంగా కటకటలాడే నెలలు వస్తాయి. అప్పుడు ఎవరికి ముందు ఎవరికి తర్వాత అన్నది తోచినట్టు తేల్చకుండా ముందే రాసిపెట్టుకోండి. నా వరసలో జీతాలు మొదట. తర్వాత ఇంటి దగ్గర కూర్చుని మడతలు వేసేవాళ్లు, కవర్లు అంటించేవాళ్లు, చిన్న బైండర్లు. వాళ్లు ఫోన్ చేసి గట్టిగా అడగరు. గట్టిగా అడిగేవాళ్లకు ముందు ఇచ్చేయడం వ్యాపారంలో అందరికీ ఉన్న అలవాటు, అందుకే ఈ వరస రాసుకోవాలి. ఆ తర్వాత పెద్ద కాగితం డీలర్లు. గడువు దాటకముందే వాళ్లకు ఫోన్ చేసి ఫలానా తేదీకి ఇంత ఇస్తానని చెప్తే చాలామంది ఒప్పుకుంటారు. చివరిది నా జీతం. అవును, యజమాని కూడా జీతం తీసుకోవాలి, గల్లాపెట్టెలోంచి కాదు, నెలకు ఇంత అని. లేకపోతే లాభం ఎంతో తెలియదు, ఇంటి ఖర్చు ఎంతో తెలియదు, రేపు దశమభాగం దేని మీద లెక్కేయాలో అసలే తెలియదు.

ఇక్కడ ఒక మాట. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని కథను కొందరు యజమానులు తమకు అనుకూలంగా వాడుకుంటారు. "నా సొమ్ము నా ఇష్టం వచ్చినట్టు ఇచ్చుకుంటాను" అని ఆయన అన్నాడు కదా అంటారు. ఆయన ఎవరికీ ఒప్పుకున్న దానికన్నా తక్కువ ఇవ్వలేదు. గంటసేపే పనిచేసినవాళ్లకు రోజు కూలి మొత్తం ఇచ్చాడు. ఆ వాక్యం వాడుకోవాలనుకుంటే అటువైపు వాడుకోండి.

మీ త్రాసు ఏది

దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1 చెప్తుంది. ఈ రోజుల్లో చాలామంది వ్యాపారాల్లో త్రాసే ఉండదు కాబట్టి ఆ వచనం మనకు కాదులే అనుకుంటారు. మీ వ్యాపారంలో కస్టమర్ తనంతట తాను సరిచూసుకోలేనిది ఏదో వెతకండి. అదే మీ త్రాసు.

పూర్వం తూనిక రాళ్లను సంచిలో వేసుకుని తిరిగేవారు. సంచిలో రెండు రకాల రాళ్లు ఉండకూడదని ధర్మశాస్త్రం చెప్పింది, పెద్దది ఒకటి, చిన్నది ఒకటి అని. పాతకాలం యూదా దేశపు తవ్వకాల్లో అలాంటి రాళ్లు చాలా దొరికాయి. అప్పటి తూకం షెకెలు అంటే సుమారు 11 గ్రాములు. అంత చిన్న రాయిని కాస్త అరగదీస్తే ఎవరికి తెలుస్తుంది?

నా వ్యాపారంలో త్రాసు జీఎస్ఎమ్. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. 80 జీఎస్ఎమ్ అని కొటేషన్ రాసి 70 వేస్తే చాలామంది చేత్తో పట్టుకుని కనిపెట్టలేరు. కార్డు 300 అని చెప్పి 250 వేసి, పైన లామినేషన్ చేస్తే గట్టిగానే అనిపిస్తుంది. ప్రెస్సుల మధ్య పోటీలో రేటు తగ్గించడానికి ఇదే దొడ్డిదారి. అందుకే నా కస్టమర్లకు సరిచూసుకునే పద్ధతి నేనే చెప్తాను. ఏ4 షీటు చదరపు మీటరులో పదహారో వంతు. 80 జీఎస్ఎమ్ అయితే ఒక్కో షీటు సరిగ్గా 5 గ్రాములు, 500 షీట్ల రీము రెండున్నర కిలోలు. 70 అయితే రీము 2 కిలోల 200 గ్రాములకు కాస్త తక్కువ. ఇంట్లో వంటకు వాడే చిన్న కాటా చాలు. ఇది చెప్పినప్పుడు తోటి ప్రెస్సుల వాళ్లు కొందరు నా మీద విసుక్కున్నారు. విసుక్కోనీ.

మీది కాంట్రాక్టు పని అయితే త్రాసు ప్లాస్టర్ వెనక ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అయితే గంటల లెక్కలో ఉంటుంది. ట్యూషన్ సెంటర్ అయితే "మా విద్యార్థులే" అని వేసుకునే ఫొటోల్లో ఉంటుంది. కనిపెట్టాక దాన్ని కొటేషన్‌లో, బిల్లులో రాతపూర్వకంగా పెట్టండి. మాటగా ఉన్నంతకాలం జారిపోతుంది, రాస్తే మీ దగ్గర పనిచేసే ఫోర్‌మన్ కూడా దానికి కట్టుబడతాడు.

తక్కువ వెళ్లిపోయిందని తర్వాత తెలిస్తే ఏం చేయాలో కూడా లేవీయకాండం 6వ అధ్యాయంలో ఉంది. అసలుతో పాటు అయిదో వంతు కలిపి తిరిగివ్వాలి. యేసును కలిసిన పన్నుల అధికారి జక్కయ్య నాలుగంతలన్నాడు, అంత మనవల్ల కాకపోవచ్చు. మా దగ్గర వెయ్యి కార్డుల ఆర్డరులో యాభై తగ్గాయని కస్టమర్ చెప్తే, లెక్క చూసుకుని అరవై పంపుతాం. ఆ పది కార్డులు అయిదో వంతు. ఇది అలవాటుగా మారితే కౌంటింగ్ దగ్గర కూర్చునేవాళ్లే జాగ్రత్తగా ఉంటారు, ఎవరూ అరవాల్సిన పని లేదు.

కొనేటప్పుడు కూడా త్రాసు ఉంటుంది. సామెతలు 20:14లో కొనేవాడు సరుకును జబ్బుది జబ్బుది అంటాడట, అవతలికి వెళ్లాక మెచ్చుకుంటాడట. డీలర్ దగ్గర కాగితాన్ని ఊరికే వంకలు పెట్టి రేటు తగ్గించడం కూడా అబద్ధమే. రేటు ఎక్కువైతే ఎక్కువైందని చెప్పండి, కాగితాన్ని తిట్టకండి.

ఒకే రేటు, ఒకే తేదీ

17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ గుంపు మొదలైంది. అప్పట్లో వ్యాపారమంటే బేరమే. అమ్మేవాడు రెట్టింపు చెప్పాలి, కొనేవాడు సగానికి అడగాలి, ఇద్దరికీ తాము చెప్తున్నది నిజం కాదని తెలుసు. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలి" అన్న యేసు మాటను క్వేకర్లు కౌంటర్ దగ్గరికి తెచ్చారు. ఒకే ధర చెప్పేవారు, అందరికీ అదే. మొదట్లో వాళ్లకు వ్యాపారం పోయింది కూడా. పెద్దమనుషులకు టోపీ తీసి వంగేవాళ్లు కాదని జనం దూరం పెట్టారు. తర్వాత అదే జనం, చిన్నపిల్లవాణ్ని పంపినా మోసం జరగదని వాళ్ల కొట్లకే రావడం మొదలుపెట్టారు.

దీన్నుంచి నేను తీసుకున్నది ఒక్కటే. డిస్కౌంట్ ఉంటే దానికి నియమం ఉండాలి. ఇంత సంఖ్య దాటితే ఇంత తగ్గింపు, డబ్బు ముందే కడితే ఇంత. ఆ కాగితం కౌంటర్ మీద ఉంటుంది. గట్టిగా మాట్లాడేవాడికి ఒక రేటు, మొహమాటపడే వితంతువుకు ఒక రేటు అయితే సంచిలో రెండు రాళ్లున్నట్టే.

తేదీ విషయంలో ప్రెస్సులకు అంత మంచి పేరు లేదు. "రేపు రండి" అన్నది మా వృత్తిలో పలకరింపు లాంటిది. ఇది మార్చుకోవడం జీఎస్ఎమ్ కన్నా కష్టం, ఎందుకంటే ఆర్డరు చేజారిపోతుందన్న భయంతో తేదీ మన నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. నేను పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లెవరూ తేదీ చెప్పకూడదు. మెషిన్ షెడ్యూల్ రాసే బోర్డు చూసి ఫోర్‌మన్ చెప్తాడు. అతను చెప్పిన దానికి ఒక రోజు కలిపి కస్టమర్‌కు చెప్తాం. తేదీ తప్పేలా ఉంటే వాళ్లు వచ్చి అడిగేదాకా ఆగకుండా మేమే ఫోన్ చేస్తాం. ఆ ఫోన్ చేయడానికి ధైర్యం కావాలి, తిట్లు పడతాయి. కానీ ఒక పెళ్లివారికి రెండు రోజుల ముందు తెలిస్తే వాళ్లు ఏదో దారి చూసుకుంటారు. వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాక తెలిస్తే ఏ దారీ ఉండదు.

బిల్లు ఎక్కువ రాయమంటే

ఏదో ఆఫీసు తరఫున వచ్చినవాళ్లు, "మేడమ్, బిల్లు కాస్త పెంచి రాయండి" అంటారు. మరికొందరు అసలు బిల్లే వద్దంటారు. ఇంకొందరు ఆర్డరు ఇప్పించినందుకు తమ వాటా అడుగుతారు. ఈ మూడింటికీ జవాబు ముందే తయారుగా ఉండాలి. అక్కడికక్కడ ఆలోచిస్తే మొహమాటమే గెలుస్తుంది. నేను చెప్పేది చిన్న మాట: "మా దగ్గర బిల్లు ఉన్నది ఉన్నట్టే వస్తుందండీ, వేరేలా రాయలేం." దాని వెనక వాక్యం చెప్పను, ఉపన్యాసం ఇవ్వను. ఎదుటి మనిషిని అవమానించి పంపడం నా పని కాదు. అతని మీద కూడా ఎవరో ఒత్తిడి పెడుతుంటారు.

ఇలా చేస్తే ఆర్డర్లు పోతాయి. మాకు పోయాయి, ఇంకా పోతున్నాయి. నమ్మకంగా ఉంటే దేవుడు రెట్టింపు ఇస్తాడని వేదిక మీద సాక్ష్యాలు చెప్పేవాళ్లను చూస్తే నాకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. కొందరికి ఇచ్చి ఉండొచ్చు. కానీ 15వ కీర్తన ఆ మాట ఇవ్వదు. ప్రమాణం చేశాక నష్టం వచ్చినా మాట తప్పనివాడు అని మాత్రమే అంటుంది. నష్టం వస్తుందని కీర్తనకారుడికి ముందే తెలుసన్నమాట. కాబట్టి ప్రాక్టికల్‌గా చేయాల్సింది, మీ అమ్మకాల్లో పెద్ద భాగం అలాంటి ఒకే పార్టీ మీద ఆధారపడకుండా చూసుకోవడం. ఒకే కస్టమర్ మీద బతికేవాడు అతనికి కాదని చెప్పలేడు. అప్పుకూ ఇదే వర్తిస్తుంది. అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడికి దాసుడని సామెతలు 22:7 అంటుంది. వాయిదా తేదీ నెత్తి మీద ఉన్నప్పుడు ఎంత విశ్వాసికైనా తప్పుడు బిల్లు చిన్న విషయంగానే కనిపిస్తుంది.

బోయజు పొలంలో

బైబిల్లో మంచి యజమాని ఎవరని అడిగితే నేను బోయజు పేరు చెప్తాను. రూతు గ్రంథం రెండో అధ్యాయాన్ని ప్రేమకథలా చదువుతాం గానీ, అది పనిచోటు గురించిన అధ్యాయం. ఆయన పొలానికి రాగానే కోతవాళ్లను పలకరిస్తాడు. వాళ్ల మధ్య కొత్త మనిషి ఉందని గమనిస్తాడు. ఆమె పరదేశి, మోయాబు స్త్రీ, పేదరాలు. ఆమెను ముట్టుకోవద్దని పడుచువాళ్లకు ఆజ్ఞ ఇస్తాడు. దాహమేస్తే కుండల దగ్గరికి వెళ్లి తాగమంటాడు. భోజనం వేళ తమతో కూర్చోబెడతాడు. పనల్లోంచి కావాలనే కొన్ని పరకలు లాగి ఆమె కోసం వదలమంటాడు, ఆమెను గద్దించొద్దంటాడు.

ఇందులో ప్రతి దానికీ మన చోట ఒక పని ఉంది. ఆడవాళ్లు పనిచేసేచోట ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఏమవుతుందో అందరి ముందు, ఏదో జరగకముందే చెప్పాలి. బోయజు జరిగాక విచారణ చేయలేదు, ముందే ఆజ్ఞ ఇచ్చాడు. ఫిర్యాదు చేయడానికి యజమాని కాక ఇంకొకరు కూడా ఉండాలి, ఎందుకంటే ఫిర్యాదు యజమాని మీదే కావచ్చు. రాత్రి షిఫ్టు ఉంటే ఇంటికి చేర్చే బాధ్యత మనదే. మంచినీళ్లు, లోపల గడియ ఉన్న మరుగుదొడ్డి, కూర్చుని తినడానికి చోటు. ఇవి లేకుండా ఉదయం ప్రార్థన పెట్టే చోట్లు నేను చూశాను. యెషయా 58 వాళ్ల గురించే. ఉపవాసం ఉంటారు, ఆ రోజే పనివాళ్లచేత కఠినమైన పని చేయిస్తారు అని అందులో ఉంది.

ఉదయం ప్రార్థన పెట్టొచ్చా అంటే, పెట్టండి. కానీ రానివాళ్లకు ఏ తేడా ఉండకూడదు, ఎవరు వచ్చారో మీరు గుర్తుపెట్టుకోకూడదు కూడా. ఒక మనిషి జీతం మన చేతిలో ఉన్నప్పుడు మనం పిలిచే పిలుపులో బరువు ఉంటుంది. మా దగ్గర వేరే విశ్వాసాల వాళ్లే ఎక్కువమంది. మా ఫోర్‌మన్ కూడా అంతే. వాళ్ల పండగలకు సెలవు అడిగించుకోకుండా ఇస్తాం.

పనిలోంచి తీసేయాల్సి వస్తే క్రైస్తవులం కదా అని ఏళ్ల తరబడి సాగదీయడం దయ అనిపించుకోదు. మత్తయి 18లో ఉన్న క్రమమే ఇక్కడా పనికొస్తుంది. ముందు ఒంటరిగా చెప్పండి. తర్వాత ఇంకొకరి సమక్షంలో, కాగితం మీద, గడువుతో. అప్పటికీ మారకపోతే పంపేయండి, పంపే రోజే పూర్తి లెక్క తేల్చి ఇచ్చేయండి.

సంఘంవాళ్లతో లావాదేవీలు

ఇది సున్నితమైన విషయం, కానీ విశ్వాసుల మధ్య చెడిపోయిన వ్యాపారాలు నేను చూసినవాటిలో చాలావరకు ఒకే కారణంతో చెడ్డాయి. ఏమీ రాసుకోలేదు. "బ్రదర్, మనమధ్య కాగితాలెందుకు" అన్నారు. ఫిలేమోను పత్రిక చూడండి. పరుగెత్తిపోయిన దాసుడి బాకీ గురించి పౌలు తన స్నేహితుడికి రాస్తూ, అతను నీకు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తాను, నా చేత్తోనే రాస్తున్నాను అంటాడు. అపొస్తలుడే చేవ్రాలు పెట్టి ఇచ్చాడు. మనకు కాగితమెందుకు అనిపించడం వింతే.

సంఘం కరపత్రాలకు, క్యాలెండర్లకు ఉచితంగా వేయమనో, సగానికి వేయమనో అడుగుతారు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. కానీ బిల్లు పూర్తి మొత్తానికి రాసి, మీరు ఇచ్చింది కానుకగా వేరే చూపించండి. అప్పుడు మీకు ఎంత ఇచ్చారో తెలుస్తుంది, వాళ్లకూ తెలుస్తుంది, రేటు పాడవదు. యజమాని విశ్వాసి కదా అని పనిలో అలుసు తీసుకోవద్దని పౌలు 1 తిమోతి 6:2లో దాసులకే చెప్పాడు. కస్టమర్లకూ అది పనికొస్తుంది.

తగాదా వస్తే 1 కొరింథీ 6 ప్రకారం సంఘ పెద్దల్లో ఇద్దరిని కూర్చోబెట్టుకుని తేల్చుకోవడం మంచిది, డబ్బు విషయాల్లో. కానీ మోసం, వేధింపు లాంటి నేరాలను కప్పిపుచ్చడానికి ఆ అధ్యాయాన్ని అడ్డం పెట్టుకోవద్దు. అవి పోలీసుల దగ్గరికే వెళ్లాలి.

ఏ పని ఒప్పుకోవాలి, సరుకు ఎక్కణ్నుంచి వస్తోంది

వేరే మతం వాళ్ల శుభలేఖలు వేయొచ్చా అని కొత్తవాళ్లు అడుగుతారు. నేను వేస్తాను. బజారులో అమ్మే మాంసం గురించి విచారించకుండా తినమని పౌలు కొరింథీయులకు రాసిన మాట నాకు చాలు. నేను వేయనివి వేరే ఉన్నాయి. ఒకరి బ్రాండు లేబుల్‌ను పోలిన లేబుల్, దొంగ సర్టిఫికెట్, ఏ రోగమైనా వారంలో తగ్గిస్తామనే కరపత్రం, ఇంకో మతాన్ని ఎగతాళి చేసే కాగితం. చివరి రెండూ మన సంఘాల పేరుతో వచ్చినా వేయను.

సరుకు విషయంలో ఒక పాత కథ చెప్పుకోవాలి. క్యాడ్‌బరీ కుటుంబం క్వేకర్లు. 1879లో చాక్లెట్ ఫ్యాక్టరీని బర్మింగ్‌హామ్ నగరం నడిబొడ్డు నుంచి బోర్న్‌విల్‌కు మార్చి, దాని చుట్టూ తోటలు, ఇళ్లు, ఆటస్థలాలతో ఊరు కట్టారు. పనివాళ్లను అంత బాగా చూసుకున్న యజమానులు అప్పట్లో అరుదు. 1901లో వాళ్లలో విలియం క్యాడ్‌బరీకి ఒక విషయం తెలిసింది. తాము కోకో కొనే, అప్పట్లో పోర్చుగల్ ఏలుబడిలో ఉన్న సావో టోమే దీవిలో తోటల్లో పనిచేసేవాళ్లు పేరుకు కాంట్రాక్టు కూలీలు, నిజానికి బానిసలు. అమ్మకానికి వచ్చిన ఒక తోట ఆస్తుల జాబితాలో మనుషులను కూడా లెక్కగట్టారు. కంపెనీ విచారణ మొదలుపెట్టింది, పోర్చుగల్ ప్రభుత్వంతో మాట్లాడింది, 1905లో మనిషిని పంపి చూసి రమ్మంది. ఆ కోకో కొనడం ఆపింది మాత్రం 1909లో. ఆ ఆలస్యాన్ని ఒక పత్రిక వేలెత్తి చూపితే పరువునష్టం దావా వేశారు. జ్యూరీ క్యాడ్‌బరీ వైపే తీర్పు చెప్పింది, నష్టపరిహారంగా ఒక ఫార్దింగ్ ఇప్పించింది. ఆ దేశపు నాణేల్లో అతి చిన్నది అది.

వాళ్లు చెడ్డవాళ్లని చెప్పడానికి ఇది చెప్పలేదు. తన గేటు లోపల అంత మంచిగా ఉన్నవాళ్లకే గేటు బయట ఏం చేయాలో తేల్చుకోవడానికి ఏళ్లు పట్టింది. చిన్న వ్యాపారులం మనం అన్నీ ఆరా తీయలేం. కానీ జాబ్‌వర్క్ ఎక్కడికి పంపుతున్నామో వెళ్లి చూడగలం. నేను బైండింగ్ ఇచ్చే ప్రతి చోటికీ చెప్పకుండా వెళ్తాను. పిల్లలు పనిలో ఉన్నారా, బ్లేడు మెషిన్‌కు గార్డు ఉందా చూస్తాను. ఉండకూడనిది కనిపిస్తే మార్చుకోవడానికి ఒక గడువు చెప్తాను. గడువు ఎనిమిదేళ్లు ఉండకూడదు, అంతే.

విశ్రాంతి రోజు

దీని గురించి ఎక్కువ చెప్పను. ద్వితీయోపదేశకాండం 5:14లో విశ్రాంతి యజమానికే కాదు, దాసుడికీ, దాసికీ, ఎద్దుకూ, గాడిదకూ. కాబట్టి మీరు ఆరాధనలో ఉండి మెషిన్ మీద ఇంకొకరు ఉంటే అది విశ్రాంతి దినం పాటించినట్టు కాదు. వారమంతా తెరవాల్సిన వ్యాపారమైతే, ఉదాహరణకు మందుల షాపు, ఒక్కొక్కరికి ఒక్కో రోజు ఇవ్వండి. ఆ రోజు ఫోన్ చేయకండి. ఫోన్ చేయకుండా ఉండటమే మీకు కష్టమవుతుంది.

ఇప్పుడు కానుక

దశమభాగం మొత్తం అమ్మకం మీదా, లాభం మీదా, నా జీతం మీదా అన్న ప్రశ్న అందరూ అడుగుతారు. అమ్మకం మీద ఇచ్చే ప్రయత్నం చేయకండి. అందులో కాగితం డీలర్ డబ్బు ఉంది, పనివాళ్ల డబ్బు ఉంది, పన్ను ఉంది. ఇంకొకరి సొమ్ములోంచి దేవునికి ఇవ్వలేం. నేను నెలనెలా నా జీతం మీద తీస్తాను, ఏడాది చివర లెక్కలు తేలాక మిగిలిన లాభం మీద మళ్లీ తీస్తాను. బిల్లులు బాకీ పెట్టి కానుక ఇవ్వడం గురించి మార్కు 7లో యేసు కొర్బాను విషయంలో చెప్పింది చదవండి. తల్లిదండ్రులకు ఇవ్వాల్సిందాన్ని దేవునికి అర్పితమని తప్పించుకున్నవాళ్లను ఆయన మెచ్చుకోలేదు. అమెరికాలో మట్టి తవ్వే భారీ యంత్రాలు తయారు చేసిన ఆర్.జి. లెటర్నో తన ఆదాయంలో తొంభై శాతం ఇచ్చేసి పది శాతంతో బతికిన మనిషిగా పేరుపొందాడు. ఆయన సంగతి చెప్పుకుని ఉత్సాహపడటం బాగానే ఉంటుంది, మొదటి ఏడాదే ఆయన దారి పట్టడం మాత్రం వద్దు.

దశమభాగం పక్కనే ఇంకో పద్ధతి ఉంది, దాన్ని ఎవరూ గుర్తుచేయరు. లేవీయకాండం 19వ అధ్యాయంలో పొలం అంచులదాకా పూర్తిగా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయండి అని ఉంది. రూతు ఆ పొలంలోకి వచ్చిందే ఆ నియమం వల్ల. మీ వ్యాపారంలో పొలం అంచు ఏది? దర్జీకి గుడ్డముక్కలు, హోటల్‌కు మిగిలిన భోజనం, డాక్టరుకు వారంలో ఒక సాయంత్రం. ప్రెస్సులో షీటు కట్ చేశాక అంచు ముక్కలు రీముల కొద్దీ మిగులుతాయి. వాటిని తూకానికి అమ్మితే కొంత వస్తుంది. మేం తెల్లవి వేరు చేసి, పిల్లల రఫ్ పుస్తకాలుగా కుట్టిస్తాం. కుట్టినవాళ్లకు ఆ పనికీ మామూలు కూలే. పుస్తకం మీద ప్రెస్సు పేరు వేయం, ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయం. దగ్గర్లో ఎవరైనా బడి నడుపుతుంటే మీ ముక్కల సైజు ఎంతో, ఏ రోజుల్లో ఎక్కువ మిగులుతాయో వాళ్లకు చెప్పండి. వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.